తలనొప్పే కదా అన్న పాపం నాది కూడా

కడుపుతో ఉన్న పిల్ల "తలకాయ నొస్తుంది" అంటే మన ఇళ్ళల్లో వచ్చే జవాబులు నాకు కంఠతా వచ్చు. "పైత్యం చేసిందేమో, నిమ్మకాయ నీళ్ళు తాగు." "రాత్రంతా ఫోన్ చూస్తే నొయ్యదా మరి?" "నువ్వొక్కదానివే మోస్తున్నవా, మేం కనలేదా?" ఇక జండూబామ్ సీసా ఉండనే ఉంది. నుదుటికి ఇంత రాసేసి ఎవరి పనిలో వాళ్ళం పడిపోతాం.

ఈ జవాబులు తప్పు. ఒక్కోసారి ప్రాణం మీదికి తెచ్చేంత తప్పు. ఊళ్ళోవాళ్ళ మీద రాళ్ళు వేయడానికి రాయడం లేదు ఇది. పైన చెప్పిన మూడు మాటల్లో రెండోది అన్నది నేనే.

మా తోడికోడలికి అది మొదటి కాన్పు. వాళ్ళు ఇస్నాపూర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళు, మేం పటాన్‌చెరులో. మా మరిదికి ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు పడింది. ఎనిమిదో నెల నడుస్తోంది, రాత్రిపూట ఒక్కతే ఎందుకని మా ఇంటికి తీసుకొచ్చుకున్నాం. వచ్చిననాడే చూశాను, వేలి ఉంగరం బిగిసిపోయింది. పొద్దున లేచేసరికి మొహం ఉబ్బి ఉంటోంది. "మొహంలో కళొచ్చింది, ఆడపిల్లే" అని నవ్వుకున్నాం అందరం. మూడు రోజులు తలనొప్పి అంది. మూడోనాడు మధ్యాహ్నం "అక్కా, కళ్ళ ముందు మెరుపులు మెరిసినట్టు అయితుంది" అంది. "ఆ ఫోన్ పక్కన పెట్టు ముందు" అన్నాను. సాయంత్రం రొమ్ముల కింద, పొట్ట పైభాగంలో నొప్పి అంటే గ్యాస్ అనుకుని ఈనో కలిపిచ్చాను.

రాత్రి రెండింటికి ఫిట్స్ వచ్చాయి. మా అత్తమ్మ చేతిలో తాళంచెవులు పెట్టింది. పక్కింటామె గాలి సోకిందని, తెల్లారేదాకా ఆగి తాయెత్తు కట్టిద్దామని అంది. మా ఆయన వినకుండా బండి తెప్పించాడు. దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఆస్పత్రికి పోతే గుమ్మంలోంచే చూసి "మా దగ్గర కాదు, సిటీకి తీసుకపోండి" అన్నారు. బి.పి. చూడలేదు, ఒక్క సూది వేయలేదు. బీహెచ్ఈఎల్, చందానగర్, మియాపూర్, కూకట్‌పల్లి దాటుకుంటూ పోతుంటే దారిలో రెండోసారి ఫిట్స్ వచ్చాయి. సర్కారు దవాఖానలో ఇంజెక్షన్ వేసి, బి.పి. దింపి, ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. కిలోన్నర ఉంది పాప. తల్లికి మెలకువ వచ్చాక మొదటి మాట, "లైటేయండి, ఏం కనబడతలేదు." అప్పుడు పట్టపగలు.

నాలుగో రోజుకి చూపు తిరిగొచ్చింది. పాప ఇప్పుడు బడికి పోతోంది. కానీ ఆ "లైటేయండి" అన్న మాట నన్ను వదల్లేదు. అందుకే కనిపించిన డాక్టరమ్మనల్లా అడిగి, దొరికిందల్లా చదివి తెలుసుకున్నాను. తెలిసిన కొద్దీ కోపం వచ్చింది. ముందు నా మీద, తర్వాత మనందరి మీద.

ఆమెకు వచ్చినదాని పేరు ప్రీఎక్లాంప్సియా. ఇరవై వారాలు దాటాక బి.పి. 140/90 కి పైన ఉండి, మూత్రంలో ప్రొటీన్ పోవడమో, లివరో కిడ్నీయో మెదడో దెబ్బతింటున్న గుర్తులు కనబడటమో ఉంటే ఆ పేరు పెడతారు. 160/110 కి పోతే తీవ్రమైనది. ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా. మన పెద్దవాళ్ళు గుర్రపు వాతం అనేది దీన్నే. ప్రపంచం మొత్తమ్మీద నూటికి 2 నుంచి 8 మంది గర్భిణులకు ప్రీఎక్లాంప్సియా వస్తుంది. అంటే మన వీధిలో, మన చుట్టాల్లో తప్పకుండా ఒకరున్నారు.

మనం దీన్ని "బి.పి. కొంచెం ఎక్కువుందట" అని తీసేస్తాం. అసలు పొరపాటు అక్కడే ఉంది. ఇది ఒంట్లోని రక్తనాళాలన్నిటి జబ్బు. మాయ సరిగ్గా పాతుకోక, అందులోంచి రక్తంలోకి వచ్చే కొన్ని పదార్థాలు రక్తనాళాల లోపలి పొరను పాడు చేస్తాయి. ఆ నాళాలు మెదడులోనూ ఉన్నాయి కదా.

మన వంటింట్లో గ్యాస్ రెగ్యులేటర్ గుర్తు తెచ్చుకోండి. సిలిండర్‌లో ఒత్తిడి ఎంతున్నా పొయ్యికి అందేది ఒక్క తీరుగానే ఉంటుంది. మెదడు రక్తనాళాలు కూడా అలాంటి రెగ్యులేటర్లే. ఒంట్లో బి.పి. పెరిగినా తగ్గినా తాము బిగిసీ సడలీ మెదడుకు పోయే రక్తం మారకుండా చూస్తాయి. బి.పి. మరీ పెరిగితే, పైగా లోపలి పొర ముందే చెడి ఉంటే, ఆ రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది. నాళాల్లోంచి నీరు మెదడులోకి ఊరుతుంది. తల వెనక భాగంలో ఎక్కువగా ఊరుతుంది, ఎందుకంటే అక్కడి నాళాలకు కాపుదల తక్కువ. చూపును చూసుకునే మెదడు భాగం కూడా అక్కడే ఉంది. అందుకే మెరుపులు, మసకలు, ఒక్కోసారి చూపే పోవడం. కళ్ళు బాగానే ఉంటాయి, మెదడుకు కనబడదు.

ఈ వాపును డాక్టర్లు ప్రెస్ అంటారు. 1996 లో దీన్ని మొదట ఒక జబ్బుగా గుర్తించి రాశారు. 2013 లో అమెరికాలోని మిసిసిపీ డాక్టర్లు ఎక్లాంప్సియా వచ్చిన 47 మంది ఆడవాళ్ళ మెదడు స్కాన్లు చూస్తే 46 మందిలో ఈ వాపు ఉంది. నలభై ఏడులో నలభై ఆరు! గాలి సోకడం, దిష్టి, దయ్యం అని మనం పేర్లు పెట్టినదంతా స్కాన్‌లో తెల్లగా కనబడే నీరు.

కొందరిలో నాళాలు పూసలదండలా అక్కడక్కడ నొక్కుకుపోతాయి. నెత్తిన పిడుగు పడినట్టు ఒక్కసారిగా తలనొప్పి వస్తుంది, అదీ కాన్పు తర్వాతే ఎక్కువ. కొందరిలో నాళం చిట్లి మెదడులో రక్తం కారుతుంది. ప్రాణం పోయేది ఎక్కువగా ఇక్కడే. 2005 లో అమెరికా డాక్టర్లు ప్రీఎక్లాంప్సియాతో స్ట్రోక్ వచ్చిన 28 మంది సంగతి రాశారు. స్ట్రోక్‌కు ముందు బి.పి. రాసిపెట్టి ఉన్నది 24 మందికి. వాళ్ళలో 23 మందికి పై నంబరు 160 దాటింది. కింది నంబరు 110 దాటింది ముగ్గురికే. అందుకని "కింది నంబరు బాగానే ఉంది కదా" అని ఊరుకునే లెక్క చెల్లదు. పై నంబరు 160 ఉంటే రేపు చూద్దాం అనకూడదు.

ఇప్పుడు నా తగువుకు వస్తాను.

మొదటి తగువు "మేం కనలేదా" అనే పెద్దరికంతో. కన్నారు, నిజమే. కనలేక పోయినవాళ్ళు ఈ మాట అనడానికి మన మధ్య లేరు. బతికినవాళ్ళ మాటే మనకు వినబడుతుంది, అంతే తేడా. తెలంగాణలో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2014-16 లో 81 ఉంటే 2018-20 నాటికి 43 కి దిగాయి. నిమ్మకాయ నీళ్ళతో దిగలేదు అవి. పరీక్షలతో, మందులతో, దవాఖానలతో దిగాయి.

రెండో తగువు, దవాఖానకు చేర్చాం కాబట్టి మన బాధ్యత తీరింది అనుకోవడంతో. మన రాష్ట్రంలో 100 కి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే అవుతున్నాయి. నూటికి 60 మందికి పైగా ఆపరేషన్లే, దేశంలోనే ఎక్కువ. ఇన్ని స్కానింగులు, ఇన్ని కోతలు! కానీ "తలనొప్పి ఉందామ్మా? కళ్ళు మసకగా ఉన్నాయా?" అని అడగడానికి అర నిమిషం దొరకదు. మనిషి దవాఖానకు చేరింది గానీ ఆమె మాట చేరలేదు. పాప తిరుగుతోందా, ఉమ్మనీరు ఎంతుంది, బరువెంత, అన్నీ కడుపులోని బిడ్డ లెక్కలే. మోస్తున్నదాని తలకాయ ఎవరి లెక్కలోకీ రాదు.

మూడోది, గుమ్మంలోంచే తిప్పి పంపే ఆస్పత్రులతో. ఫిట్స్ రాకుండా, వచ్చినవి మళ్ళీ రాకుండా చేసే మందు మెగ్నీషియం సల్ఫేట్. ఖరీదైనదేం కాదు, ఉప్పు జాతి. 1995 లో మన దేశం కూడా పాలుపంచుకున్న పరీక్షలో, ఫిట్స్ వచ్చినవాళ్ళకు మిగతా మందుల కన్నా ఇదే మేలని తేలింది. 2002 లో 33 దేశాల్లో 10 వేల మందికి పైగా గర్భిణుల మీద చేసిన పరీక్షలో ఇది ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గించింది. సబ్‌సెంటర్‌లో ఉండే ఏఎన్ఎం అమ్మ కూడా మొదటి మోతాదు ఇచ్చి పైకి పంపవచ్చని మన ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి. అలాంటప్పుడు అద్దాల మేడ కట్టుకున్న ఆస్పత్రి ఆ రెండు సూదులు వేయకుండా ఇరవై, ముప్పై కిలోమీటర్ల ట్రాఫిక్‌లోకి ఎలా తోస్తుంది? "మా దగ్గర ఐసీయూ లేదు" అనండి, ఒప్పుకుంటాను. సూది లేదని అనకండి.

నాలుగోది, తప్పంతా ఆడదాని నోటి మీద వేసే అలవాటుతో. "ఆవకాయ తిన్నది, అందుకే బి.పి. వచ్చింది." ఎంతమంది పిల్లలకు చప్పిడి కూడు పెట్టాం మనం! ప్రీఎక్లాంప్సియా రాకుండా ఉప్పు మాన్పించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పలేదు. అలా చేయవద్దనే 2011 లో చెప్పింది. పని చేసేవి వేరే ఉన్నాయి. ముప్పు ఎక్కువున్నవాళ్ళకు డాక్టరు సలహాతో ఇరవై వారాల లోపే మొదలుపెట్టే చిన్న మోతాదు ఆస్పిరిన్, తిండిలో కాల్షియం తక్కువైన చోట కాల్షియం మాత్రలు. సర్కారు దవాఖానలో ఊరికే ఇచ్చిన కాల్షియం మాత్రలు "వేడి చేస్తాయి" అని అటక మీద పెట్టించేది ఎవరు? మనమే.

ఐదోది నాకు అన్నిటికన్నా పెద్దది. "కాన్పయితే తగ్గిపోతుంది" అనే మాట. డాక్టర్లూ అంటారు, మనమూ అంటాం. సగమే నిజం. జబ్బుకు వేరు మాయలో ఉంది కాబట్టి మాయ పడితే తగ్గుముఖం పడుతుంది. కానీ బి.పి. కాన్పు తర్వాత మూడు నుంచి ఆరు రోజుల మధ్య మళ్ళీ ఎక్కువగా పెరుగుతుంది. అప్పటికి మనం ఎక్కడుంటాం? డిశ్చార్జి అయి తల్లిగారింట్లో. చెవులకు గుడ్డ కట్టి, తలుపులు మూసి, నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట జారుతుందని గుక్కెడు గుక్కెడు పోస్తూ ఉంటాం. ఫిట్స్ కాన్పయ్యాక కూడా వస్తాయి, కొందరికి వారాల తర్వాత కూడా. బాలింతకు తలనొప్పంటే "మత్తు సూది వేశారు కదా, చలిగాలి తగిలింది" అని మళ్ళీ అదే జండూబామ్.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. బాలింత మెదడులో రక్తం గడ్డకట్టడం కూడా మన ప్రాంతానికి కొత్త కాదు. మెదడు సిరల్లో గడ్డలు వచ్చిన 428 మంది వివరాలను 2012 లో హైదరాబాద్ నిమ్స్ డాక్టర్లు ప్రచురించారు. కాన్పు తర్వాతి రోజులు దీనికి ముప్పున్న కాలం. ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది. పాలిచ్చే తల్లికి దాహమేస్తే నీళ్ళివ్వకపోవడం ఏ శాస్త్రం? దాహం తీర్చని పథ్యం పథ్యం కాదు.

ప్రీఎక్లాంప్సియా తీవ్రంగా వచ్చినవాళ్ళకు మూడు రోజుల లోపు ఒకసారి, పది రోజుల లోపు మళ్ళీ బి.పి. చూడమని అమెరికా కాన్పుల డాక్టర్ల సంఘం చెబుతుంది. మన దగ్గర తల్లి మళ్ళీ ఆస్పత్రి గడప తొక్కేది బిడ్డకు టీకా వేయించడానికి. సూది బిడ్డకు వేస్తారు, తల్లి చేతికి పట్టీ కట్టి బి.పి. చూసేవాళ్ళు ఉండరు. బిడ్డకు ఇరవయ్యొకటో దినం చేస్తాం, తొట్లె వేస్తాం, వందమందికి బువ్వ పెడతాం. రెండు వేలు పెట్టి బి.పి. మిషన్ కొనం.

ఆ తర్వాతి ఏళ్ళ సంగతి ఇంకా ఎవరూ చెప్పరు. స్కాన్‌లో వాపు తీసిపోయింది కాబట్టి అయిపోయింది అనుకుంటాం. చాలామందికి అయిపోతుంది కూడా, ఆ మాట ముందే చెబుతాను. కానీ నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ డాక్టర్లు, ఎక్లాంప్సియా వచ్చిన ఆడవాళ్ళకు ఏళ్ళ తర్వాత స్కాన్లు తీసి చూస్తే, మెదడులో చిన్న చిన్న మచ్చలు మిగతావాళ్ళ కంటే ఎక్కువగా కనబడ్డాయి. డెన్మార్క్‌లో 11 లక్షలకు పైగా తల్లుల రికార్డులు చూసి 2018 లో చెప్పిన మాట, ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్ళకు రక్తనాళాలు చెడి వచ్చే మతిమరుపు జబ్బు ముప్పు మూడు రెట్లకు పైగా ఉందని. స్ట్రోక్ ముప్పు కూడా దాదాపు రెట్టింపు. అందరికీ వస్తుందని కాదు, వచ్చేవాళ్ళు తక్కువే. కానీ ముప్పుందని తెలిస్తే ఏటా బి.పి. చూపించుకుంటుంది, షుగర్ చూపించుకుంటుంది, బరువు చూసుకుంటుంది. తెలియకపోతే నలభై అయిదేళ్ళకు కాలూ చెయ్యీ పడిపోయినప్పుడు "ఇంత చిన్న వయసులో ఎట్ల వచ్చిందో" అని మనం ఏడుస్తాం. ఎట్ల వచ్చిందో ఇరవై ఏళ్ళనాటి డిశ్చార్జి కాగితంలో రాసే ఉంటుంది. ఆ కాగితం ఎక్కడో పారేసి ఉంటాం.

మా తోడికోడలు ఇప్పటికీ అంటుంది, మాటలు తొందరగా గుర్తుకు రావడం లేదని, లెక్కలు తప్పుతున్నాయని. మా ఇంట్లో జవాబు ఏంటో తెలుసా? "కండ్లు కనబడుతున్నయి కదా, ఇంకేం గావాలె?" ఆ మాట మా అత్తమ్మ అంటే, వంటింట్లోంచి నేను మొదటిసారి ఎదురు చెప్పాను.

"ఇవన్నీ రాసి కడుపుతో ఉన్నవాళ్ళను భయపెడతావెందుకు?" అని నన్ను అడిగినవాళ్ళు ఉన్నారు. భయం రెండు రకాలు. దయ్యం భయం మనిషిని గదిలో మూల కూర్చోబెడుతుంది. నిప్పు భయం పొయ్యి దగ్గర కొంగు సర్దుకునేలా చేస్తుంది. నేను చెప్పేది రెండోది. ప్రతి తలనొప్పీ ప్రీఎక్లాంప్సియా కాదు. కాదని చెప్పాల్సింది మాత్రం బి.పి. మిషన్, మూత్ర పరీక్ష. అత్తగారూ కాదు, తోడికోడలూ కాదు.

"డబ్బున్నవాళ్ళకు చెప్పు ఇవి" అని ఇంకో మాట. సరే, డబ్బు లేనివాళ్ళ సంగతే చూద్దాం. పాశమైలారం, బొల్లారం, బొంతపల్లి చుట్టూ రేకుల గదుల్లో ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన పిల్లలున్నారు. పుట్టిల్లు వెయ్యి కిలోమీటర్ల దూరం, భాష రాదు, మొగుడు పన్నెండు గంటల డ్యూటీలో. తలనొప్పి అని చెప్పుకోవడానికి కూడా మనిషి ఉండదు. భర్తకు ఈఎస్ఐ ఉంటే భార్య వైద్యం కూడా దాని కిందికే వస్తుందని చాలామందికి తెలియదు. ప్రతి నెల 9 వ తారీకున సర్కారు దవాఖానల్లో గర్భిణులకు డాక్టరు ఉచితంగా చూస్తారని, అది 2016 నుంచీ నడుస్తోందనీ తెలియదు. 108 కి ఫోన్ చేయడం మనకు తెలుసు కదా. మన వాకిలి ముందునుంచి పోయే ఆ పిల్లను "బాగున్నవా, తల నొస్తుందా" అని అడగడానికి డబ్బు ఎందుకు?

కాబట్టి అక్కలారా, చెల్లెల్లారా, నేను అడిగేవి ఇవే.

ఇంట్లో గర్భిణి ఉంటే చేతి మిషన్ ఒకటి కొనండి, శ్రీమంతానికి వెండి గిన్నె బదులు అదే పెట్టండి. 140/90 దాటితే ఆ రోజే డాక్టరుకు చెప్పండి. 160 దాటితే, లేదా తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, పొట్ట పైభాగంలో నొప్పి, ఉన్నట్టుండి మొహం చేతులు ఉబ్బడం, వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకండి. ఫిట్స్ వస్తే పక్కకు ఒత్తిగిల్ల పడుకోబెట్టండి. నోట్లో ఏమీ కుక్కకండి, చేతిలో తాళంచెవులు పెట్టి కూర్చోకండి. "బి.పి. చూశారా? ఫిట్స్ రాకుండా సూది వేశారా?" అని ఆస్పత్రిలో నోరు తెరిచి అడగండి. మనకేం తెలుసని అడుగుతాం అనుకోకండి, అడగడానికి చదువు అక్కర్లేదు.

మీ అమ్మను అడగండి, నన్ను కన్నప్పుడు నీకు బి.పి. వచ్చిందా అని. అమ్మకో అక్కకో వచ్చి ఉంటే మీకు ముప్పు ఎక్కువ, డాక్టరుకు మొదటి చూపులోనే చెప్పండి. కాన్పయ్యాక పది రోజులు తల్లి బి.పి. రాసిపెట్టండి, గోడ మీద క్యాలెండర్‌లో పాలవాడి లెక్క పక్కన రాసినా చాలు. డిశ్చార్జి కాగితం పట్టా కాగితంలా బీరువాలో దాచండి.

చివరికి ఒక్కటి. ఏ పిల్లయినా "అక్కా, కళ్ళ ముందు మెరుపులు" అంటే, ఫోన్ పక్కన పెట్టాల్సింది ఆ పిల్ల కాదు. మనం.